ఒక్క కాలికే తెలిసిన బ్రేకు

బండి ఉన్న ఇళ్లలో తరచుగా వినబడే మాట ఒకటి ఉన్నది. "బ్రేకు కాస్త కిందికి పోతుంది, రెండుసార్లు కొట్టండి, పట్టుకుంటుంది." బండి అరువు తీసుకొనేవారికి తాళంచెవితో పాటు ఈ మాట కూడా అప్పగిస్తారు. తీసుకొన్నవారు సరేనని తల ఊపుతారు. ఆ రెండో దెబ్బ కొట్టడానికి వ్యవధి ఉంటుందా, ఉండదా అని ఎవరూ అడగరు.

ప్రియ చదువరులారా, ఆ మాట గురించే ఈసారి కొంచెం వివరంగా మాట్లాడుకుందాము. జీపు గాని, సరుకుల ఆటో గాని, పాత కారు గాని ఉన్న ప్రతి ఇంటికీ ఇది పనికివచ్చే సంగతి. బండి లేనివారికీ అవసరమే, ఎందుకనగా ఎవరో ఒకరి బండి ఎక్కకుండా మనకు రోజులు గడవవు గదా.

బావగారి జీపు

మా బావగారిది పాడేరు దగ్గర ఒక పల్లె. 2022 ఏప్రిల్‌లో అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడి పాడేరు జిల్లా కేంద్రమైనది గాని, ఆ పల్లెకు పోయే దారి మాత్రం పాత దారే. మిరియాలు, పసుపు, కాఫీ గింజలు సంతకు చేర్చడానికి ఆయన ఒక పాత జీపు ఉంచుకొన్నారు. సంతలేని రోజున అదే ఇంటి బండి.

ఆ యేడు డిసెంబరులో నేను అక్కను చూడడానికి వెళ్లాను. నా మేనకోడలు పురిటికి పుట్టింటికి వచ్చి ఉన్నది. బిడ్డ అడ్డంగా ఉన్నదని, ఆపరేషన్ అవసరమని చెప్పి, అనకాపల్లిలో డాక్టరు తేదీ ఇచ్చారు. ఆ తేదీకి ఇంకా మూడు రోజులున్నది. పాడేరు నుండి ఘాట్ దిగి, చోడవరం మీదుగా అనకాపల్లి పోవాలి. మలుపు తరువాత మలుపు, ఒక ప్రక్క కొండ, ఒక ప్రక్క లోయ. ఆ దారిని తెలిసినవారికి వేరే చెప్పనక్కరలేదు.

సాయంత్రం జీపును నీడకు జరపమంటే నేను ఎక్కి కూర్చున్నాను. పెడల్ మీద కాలు పెట్టగానే అది నేల దగ్గరకు దిగిపోయింది. మళ్లీ తొక్కితే సగం దగ్గర ఆగింది. మూడోసారి ఇంకా పైనే ఆగింది.

"బావా, ఇది ఎన్నాళ్లనుండి?" అని అడిగాను.

"వానలు తగ్గిన దగ్గర్నుంచి. నువ్వు భయపడకు బావా. ఈ ఘాట్ ఇరవై యేళ్లుగా దిగుతున్నాను. ఎన్నో కొట్టుకి పట్టుకుంటుందో నా కాలికి తెలుసు" అన్నారాయన.

అరుగు మీద బియ్యం ఏరుతున్న మా అక్క తల ఎత్తకుండానే అన్నది: "మీ కాలికి తెలుసు, సరే. రేపు మీకు జ్వరమొస్తే అబ్బాయి తోల్తాడు. వాడి కాలికి ఎవరు చెప్పారు?"

బావగారు మాట్లాడలేదు. ఆ మాటకు జవాబు లేదు గనుక మాట్లాడలేదు. బ్రేకు అనేది బండికి ఉండవలసిన గుణము. అది ఒక మనిషి అలవాటులో మాత్రమే ఉంటే, ఆ మనిషి దిగిపోయిన రోజున బండికి బ్రేకు లేనట్టే.

మేనల్లుడు మరొక సంగతి చెప్పాడు. నెల క్రితం కింద ఒక షెడ్డులో చూపిస్తే, మాస్టర్ సిలిండర్ పోయిందన్నారట. లోపలి రబ్బర్లు మార్పించారు, డబ్బు ఇచ్చారు. నాలుగు రోజులు బాగున్నది, మళ్లీ మామూలే. ఇప్పుడు సిలిండరే కొత్తది వేయాలంటున్నారట.

పెడల్ తొక్కితే ఏమి జరుగుతుంది?

జబ్బు తెలియాలంటే ముందు ఆరోగ్యం తెలియాలి. సూది మందు వేసే సిరంజి ఒకటి తీసుకొనండి. సూది తీసివేసి, నిండా నీళ్లు పీల్చి, ముందరి రంధ్రాన్ని వేలితో గట్టిగా మూసి వెనుక నుండి నొక్కండి. కదలదు. నీళ్లు పారబోసి గాలి పీల్చి అలాగే నొక్కండి. మెత్తగా లోపలికి పోతుంది, వదిలితే వెనక్కి వస్తుంది. ద్రవము అణగదు, గాలి అణగుతుంది. బ్రేకు శాస్త్రమంతా ఈ రెండు ముక్కల మీదనే నిలిచి ఉన్నది.

మూసిన ద్రవము మీద ఒకచోట ఒత్తిడి పెడితే అది అన్ని వైపులకూ సమానంగా పాకుతుందని 17వ శతాబ్దంలో ఫ్రాన్సు దేశపు పాస్కల్ చూపించాడు. ఈ సూత్రంతో నాలుగు చక్రాలకూ ద్రవపు బ్రేకులు అమర్చుకొని మొదట అమ్మకానికి వచ్చిన కారు 1921 నాటి డ్యూసెన్‌బర్గ్. నేటికీ పద్ధతి అదే. మనము పెడల్ తొక్కితే మాస్టర్ సిలిండర్‌లోని పిస్టన్ ద్రవాన్ని సన్నని గొట్టాలలోకి నెట్టుతుంది. చక్రం దగ్గర ఉన్న చిన్న సిలిండర్ ఆ ఒత్తిడితో రెండు బ్రేకు షూలను విప్పి డ్రమ్ముకు అదుముతుంది. చక్రం ఆగుతుంది.

మాస్టర్ సిలిండర్ ఒక తొక్కుకు నెట్టగలిగే ద్రవము కొద్దిపాటిదే. అది షూలను డ్రమ్ముకు చేర్చడానికి, గట్టిగా అదమడానికి సరిపోవాలి. మధ్యలో గాలి బుడగ ఉంటే ఆ తొక్కు గాలిని అణచడానికే ఖర్చయిపోతుంది. లైనింగు అరిగి షూలు డ్రమ్ముకు దూరమైతే ఆ దూరం నింపడానికే ఖర్చయిపోతుంది. ఎక్కడైనా కారితే బయటికి పోతుంది. మూడింటిలోనూ పెడల్ కిందికే పోతుంది. కాలికి అన్నీ ఒకటిగానే అనిపిస్తాయి. అయితే జబ్బులు వేరు, మందులు వేరు.

మేస్త్రిగారి పరీక్ష

పాడేరులో ఒక పెద్ద మెకానిక్ ఉన్నారు. డెబ్బైకి దగ్గర పడిన వయసు. షెడ్డు మానేసి చాలాకాలమైనది గాని, పిలిస్తే వచ్చి చూస్తారు. మరునాడు ఉదయమే మేనల్లుడు వెళ్లి మోపెడ్ మీద తీసుకొనివచ్చాడు. ఆయన చేతిలో ఒక సంచి మాత్రమే ఉన్నది. బావగారు "మేస్త్రిగారూ, కొత్త సిలిండర్ వేసేద్దామా?" అని అడిగితే ఆయన నవ్వారు.

"ముందు రోగం తెలియాలి గదా బాబూ. మందు తరువాత."

చదునైన చోట బండి నిలిపించి, చక్రాలకు ముందూ వెనుకా రాళ్లు పెట్టించారు. తరువాత ఆయన చేసిన పరీక్షలను వరుసగా వ్రాస్తున్నాను. ఇవి ఎవరైనా చేయగలిగినవి.

మొదట ద్రవపు డబ్బా మూత తీసి చూశారు. మూత తీయకముందే చుట్టూ ఉన్న మట్టిని గుడ్డతో తుడిచారు, లోపల పడకూడదు గనుక. ద్రవము తగ్గి ఉన్నది. రంగు కాఫీ డికాక్షన్ లాగా ఉన్నది. "నెల క్రితం నిండా పోశారా?" అని అడిగారు. పోశారని మేనల్లుడు చెప్పాడు. "నెలలో ఇంత తగ్గితే లైనింగు అరిగి తగ్గినది కాదు. ఎక్కడో కారుతున్నది" అన్నారు.

రెండవది, మేనల్లుడిని కూర్చోబెట్టి పెడల్‌ను రెండు మూడుసార్లు కొట్టి, పైకి వచ్చాక ఒకే బలంతో ఒక నిమిషం నొక్కి ఉంచమన్నారు. అది మెల్లగా దిగిపోతుందా అని చూశారు. తరువాత బలం తగ్గించి, తేలికగా నొక్కి మరొక నిమిషం చూడమన్నారు. రెండుసార్లూ దిగలేదు. దిగిపోయి, బయట ఎక్కడా తడి లేకపోతే మాస్టర్ సిలిండర్‌లోని రబ్బరు కప్పు ద్రవాన్ని వెనక్కి వదులుతున్నదని అర్థము. అప్పుడు డబ్బాలో ద్రవము తగ్గదు, నేల మీద చుక్క పడదు, అయినా పెడల్ దిగుతుంది. మా జీపులో అది లేదు గనుక మాస్టర్ సిలిండర్‌ది తప్పు కాదని అక్కడే తేలిపోయింది.

మూడవది, రెండు కొట్లకు పైకి వచ్చిన పెడల్ గట్టిగా ఉన్నదా, మెత్తగా ఉన్నదా అని అడిగారు. పైకి వచ్చి రాయిలాగా గట్టిగా నిలిస్తే షూలు దూరమైనట్టు. పైకి వచ్చినా స్పాంజి మీద తొక్కినట్టు ఉంటే లోపల గాలి ఉన్నట్టు. "పైకొచ్చింది గానీ, ఇంకా మెత్తగానే ఉంది తాతా" అన్నాడు మేనల్లుడు. "అయితే రెండూ ఉన్నాయి" అన్నారు మేస్త్రిగారు.

వెనుక చక్రాల షూలనే లాగే చేతి బ్రేకు ఉన్న కార్లలో ఇంకొక సులువైన పరీక్ష ఉన్నది. చేతి బ్రేకు బిగించి పెడల్ తొక్కితే అది ముందటికంటే పైనే ఆగితే, వెనుక షూలు దూరమైనవని తెలుస్తుంది. పాత జీపులకు ఇది పనిచేయదు. వాటిలో చేతి బ్రేకు చక్రాల దగ్గర ఉండదు, గేరుపెట్టె వెనుక తిరిగే షాఫ్టును పట్టుకొంటుంది.

నాలుగవది, కింద పడుకొని నాలుగు చక్రాల లోపలి ప్రక్కలను టార్చిలైటు వేసి చూశారు. మూడు పొడిగా ఉన్నాయి. వెనుక ఎడమ చక్రం లోపలి రేకు మీద దుమ్ము తడిసి మడ్డిలాగా గట్టిపడి ఉన్నది. "ఇది గేరాయిల్ కావచ్చు గదా?" అని బావగారు అడిగారు. మేస్త్రిగారు ఆ తడిని వేలితో తీసి, ఒక గాజు గ్లాసులోని నీళ్లలో కలిపారు. నూనె అయితే పైన తేలాలి. తేలలేదు, నీటిలో కలిసిపోయింది. బ్రేకు ద్రవము నీటిలో కలుస్తుంది, గేరాయిల్ కలవదు. ఇంత చిన్న పరీక్షతో ఆ సందేహం తీరిపోయింది.

తరువాత ఆ చక్రం లేపి, దిమ్మ మీద నిలిపి, డ్రమ్ము ఊడదీశారు. లోపలి దుమ్మును నోటితో ఊదబోయిన మేనల్లుడిని ఆపి, తడిగుడ్డతో తుడిపించారు. పాత లైనింగులలో ఆస్‌బెస్టాస్ ఉండవచ్చు, ఆ దుమ్ము ఊపిరితిత్తులకు మహా చెరుపు. చక్రపు సిలిండర్ చివరనున్న రబ్బరు తొడుగును మెల్లగా ఎత్తగానే లోపల నిలిచిన ద్రవము కారింది. షూల లైనింగు ఒక ప్రక్క తడిసి నల్లబడి ఉన్నది, పైగా అరిగిపోయి ఉన్నది. ద్రవము బయటికి వచ్చే సందు నుండే గాలి లోపలికి చేరుతున్నది. మాస్టర్ సిలిండర్ రబ్బర్లు మార్చినప్పుడు గాలి తీశారు గనుక నాలుగు రోజులు బాగున్నది. అసలు రంధ్రం అలాగే ఉన్నది గనుక ఐదవ రోజున మళ్లీ మొదలైంది.

డాక్టరుగారి స్పోర్ట్స్ కారు

పని మధ్యలో టీ త్రాగుతూ మేస్త్రిగారు తన చిన్ననాటి సంగతి ఒకటి చెప్పారు. ఆయన విశాఖపట్నంలో పని నేర్చుకొనే రోజులలో ఒక డాక్టరుగారికి ఇంగ్లండు నుండి వచ్చిన రెండు సీట్ల స్పోర్ట్స్ కారు ఉండేదట, ఎం.జి.బి. అనే రకము. 1962 నుండి 1980 వరకు తయారైన కారు అది. ముందు చక్రాలకు డిస్క్ బ్రేకులు, వెనుక డ్రమ్ములు. దాని పెడల్ కూడా మొదటి తొక్కుకు కిందికి పోయేది, రెండో తొక్కుకు వచ్చేది. గాలి తీశారు, తగ్గలేదు. మాస్టర్ సిలిండర్ బాగుచేశారు, తగ్గలేదు. వెనుక షూలు దగ్గరకు బిగించారు, తగ్గలేదు.

చివరకు పెద్ద మేస్త్రి ఒక చిత్రం గమనించాడట. బండి నిలిచి ఉన్నంతసేపూ, ఒకసారి పైకి తెచ్చిన పెడల్ గంటైనా పైనే ఉంటున్నది. వీధి మలుపు దాకా తిప్పుకొని వస్తే మాత్రం మొదటి తొక్కు కిందికి పోతున్నది. అయితే జబ్బు తిరిగే భాగంలో ఉన్నది. ముందు చక్రం లేపి రెండు చేతులతో ఊపితే బేరింగు వదులుగా ఆడింది. చక్రం ఊగినప్పుడల్లా డిస్కు ప్యాడ్లను వెనక్కి నెట్టేస్తున్నది. ఆ నెట్టిన దూరాన్ని నింపడానికి మొదటి తొక్కు ఖర్చవుతున్నది. బేరింగు సరిగా అమర్చితే బ్రేకును ముట్టకుండానే బ్రేకు బాగయింది.

"లక్షణం అదే బాబూ, ఈ జీపుదీ అదే, ఆ కారుదీ అదే. రోగం వేరు. ఆ దినం నుంచి నేను సామాను కొనమని ముందు చెప్పను" అన్నారాయన. పాత స్పోర్ట్స్ కారైనా, సంతకు పోయే జీపైనా, పెడల్ మెత్తబడినప్పుడు అడగవలసిన ప్రశ్నలు ఇవే. ఎప్పుడు దిగుతున్నది? నిలిచినప్పుడా, తిరిగినప్పుడా, వేడెక్కినప్పుడా? దిగి ఆగుతున్నదా, దిగుతూనే ఉన్నదా? కొట్టితే గట్టిపడుతున్నదా, మెత్తగానే ఉన్నదా?

కొన్ని బండ్లలో గొట్టాల మధ్యనుండే రబ్బరు హోస్‌లు ముసలివై, ఒత్తిడికి బుడగలాగా ఉబ్బుతాయి. పైన చూస్తే పగుళ్లు కనబడతాయి, ఒకరు తొక్కుతుండగా చేతితో పట్టుకొంటే ఉబ్బు తెలుస్తుంది. ఇంజిను బలంతో తొక్కు తేలిక చేసే పరికరం ఉన్న కార్లలో, పెడల్ మీద కాలు ఉంచి ఇంజిను స్టార్టు చేస్తే పెడల్ కొంచెం దిగుతుంది. అది జబ్బు కాదు, ఆ పరికరం పనిచేస్తున్నదనడానికి గుర్తు.

బాగుచేసిన విధము

సామాను కోసం మేనల్లుడు చోడవరం వెళ్లివచ్చాడు. వెనుక రెండు చక్రాలకూ సిలిండర్లు, రెండు చక్రాలకూ లైనింగు వేసిన షూలు తెచ్చాడు. కారినది ఒక్క ప్రక్కనే గదా, రెండో ప్రక్క ఎందుకని బావగారు అడిగారు. ఒకే ఇరుసు మీద ఒక చక్రం ఎక్కువ పట్టి ఒకటి తక్కువ పడితే బండి ప్రక్కకు లాగుతుంది. ద్రవము పీల్చిన లైనింగును ఎంత కడిగినా నమ్మరాదు. అందుచేత రెండు ప్రక్కలా మార్చవలసిందే.

తరువాత షూల దూరం సరిచేశారు. చక్రం గాలిలో ఉండగా, షూ డ్రమ్మును పట్టి చక్రం తిరగకుండా ఆగేవరకు బిగించి, మళ్లీ స్వేచ్ఛగా తిరిగేంత మాత్రమే వదులు చేశారు. నాలుగు చక్రాలకూ ఆలాగే చేశారు. ఈ పని గాలి తీయడానికి ముందే జరగాలి. షూలు దూరంగా ఉండగా ఎంతసేపు గాలి తీసినా పెడల్ పైకి రాదు, సీసాల కొద్దీ ద్రవము మాత్రం అయిపోతుంది.

ఇక గాలి తీయడం. మాస్టర్ సిలిండర్‌కు ఎక్కువ దూరమైన చక్రంతో మొదలుపెట్టాలి. మన బండ్లలో డ్రైవరు కుడి ప్రక్క ఉంటాడు గనుక వెనుక ఎడమ, వెనుక కుడి, ముందు ఎడమ, ముందు కుడి అనే వరుస. నిపిల్‌కు సన్నని గొట్టం తొడిగి, దాని రెండో కొనను కొంచెం ద్రవము పోసిన గాజు సీసాలో ముంచి ఉంచారు. మేస్త్రిగారు కింద, మేనల్లుడు పైన. "తొక్కు" అంటే నెమ్మదిగా తొక్కడం, "పట్టు" అంటే అలాగే ఉంచడం. అప్పుడు నిపిల్ వదులు చేస్తే బుడగలతో ద్రవము వస్తుంది. నిపిల్ బిగించాకనే "వదులు" అనాలి. ముందు కాలు తీస్తే బయటి గాలి లోపలికి పోతుంది. బుడగలు ఆగి, రంగు తేటపడేవరకు అలా చేశారు. మధ్య మధ్య డబ్బాలో కొత్త ద్రవము నింపుతూ వచ్చారు. అది ఒక్కసారి అడుగంటితే పని మళ్లీ మొదటికి వస్తుంది. సీసాలోకి వచ్చిన పాత ద్రవాన్ని తిరిగి పోయలేదు.

అన్నీ అయ్యాక పెడల్ మొదటి తొక్కుకే పైన ఆగి గట్టిగా నిలిచింది. ఊరి బయట ఖాళీ దారిలో మెల్లగా, తరువాత కొంచెం వేగంగా నడిపి, ఆపి చూశారు. ఇంటికి వచ్చి చక్రాల లోపల తడి ఉన్నదేమో మళ్లీ చూశారు. మరునాడు జీపు ఘాట్ దిగింది. తోలినవాడు మేనల్లుడు. బావగారికి జ్వరమేమీ రాలేదు, తానే వాడి చేతికి తాళం ఇచ్చారు. మేనకోడలికి ఆడపిల్ల పుట్టింది, తల్లీ బిడ్డా క్షేమము.

ఆయిల్ కాని ఆయిల్

మన వైపు అందరమూ దానిని బ్రేక్ ఆయిల్ అంటాము. ఆ పేరే కొన్ని బండ్లను పాడుచేసింది. అది నూనె కాదు. దారిలో అయిపోయిందని ఇంజినాయిల్ పోసేవారున్నారు. మామూలు నూనె తగిలితే లోపలి రబ్బరు కప్పులు ఉబ్బిపోతాయి, బ్రేకు పట్టుకొని వదలదు లేదా అసలు పట్టదు. అప్పుడు మొత్తం విప్పి ప్రతి రబ్బరూ మార్చవలసి వస్తుంది. ఈ ద్రవము రంగు మీద పడితే రంగు లేచిపోతుంది, వెంటనే నీళ్లతో కడగాలి.

మరొక సంగతి, ఈ ద్రవము గాలిలోని తేమను పీల్చుకొంటుంది. సీసాల మీద డాట్ 3, డాట్ 4 అని ఉంటుంది. డాట్ 3 కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల సెల్సియస్ వరకు మరగకూడదు, తేమ పట్టినప్పుడు ఆ హద్దు 140కి దిగుతుంది. డాట్ 4కు ఈ హద్దులు 230, 155. డాట్ 5 అనేది సిలికోన్‌తో చేసినది, మొదటి రెండింటితో కలపరాదు. బండి పుస్తకంలో ఏది చెప్పారో అదే పోయాలి. సగం వాడి మూత తీసి ఉంచిన పాత సీసాను వాడరాదు.

ఈ అంకెలు ఘాట్ రోడ్డు మీద ప్రాణం పోసుకొంటాయి. దిగుడంతా బ్రేకు మీదనే దిగితే డ్రమ్ములు కాలిపోతాయి, ఆ వేడి ద్రవానికి చేరుతుంది. తేమ పట్టిన ద్రవము మరిగి ఆవిరి అవుతుంది. ఆవిరి కూడా గాలివలెనే అణగుతుంది. పైన బయలుదేరినప్పుడు గట్టిగా ఉన్న పెడల్ సగం ఘాట్‌లో ఒక్కసారిగా నేలకు పోతుంది. ఆగి చల్లారితే తిరిగి గట్టిపడుతుంది. "ఇప్పుడు బాగానే ఉన్నదే" అని సంతోషించి ఊరకుండేవారు తరువాతి దిగుడులో మళ్లీ అదే చూస్తారు. ఎక్కడానికి ఏ గేరు కావాలో దిగడానికీ దాదాపు అదే గేరు వేసుకొని, ఇంజిను చేతనే బండిని ఆపించుకోవాలి. మసలుతున్న డ్రమ్ము మీద చల్లని నీళ్లు కుమ్మరించరాదు, పగలవచ్చు.

అన్ని వైపులా జాగ్రత్త

పెడల్ కిందికి పోతున్నదని, దాని వెనుక ఉన్న రాడ్డును పొడవు చేసి పైకి తెచ్చేవారున్నారు. ఇది జబ్బును మాన్పదు, మూసిపెడుతుంది. పెడల్ పైభాగంలో వేలితో నొక్కితే కదిలేంత కొద్ది ఆట ఉండాలి. ఆ ఆట లేకపోతే మాస్టర్ సిలిండర్ పిస్టన్ పూర్తిగా వెనక్కి రాదు, ఒత్తిడి లోపలే చిక్కుకొంటుంది, కాలు తీసినా బ్రేకు పట్టుకొనే ఉంటుంది. ఆ వేడి ఎక్కడికి దారితీస్తుందో పైన చెప్పుకొన్నాము.

పాత బండ్లలో నాలుగు చక్రాలకూ కలిపి ఒకే ద్రవపు దారి ఉంటుంది. ఒక్క గొట్టం తెగితే నాలుగూ పోతాయి. అందుకే అమెరికాలో 1968 నుండి కొత్త కార్లకు రెండు విడి దారులు తప్పనిసరి చేశారు. ఇప్పటి బండ్లలో ఒకటి పోయినా రెండోది కొంత పట్టుతుంది. మీ ఇంట్లో ఉన్నది పాత బండి అయితే దానికి రెండో అవకాశము లేదని జ్ఞాపకముంచుకొనండి.

నడుస్తుండగా పెడల్ నేలకు పోతే ఏమి చేయాలి? గబగబా కొడుతూ ఉండండి, కొంత పట్టు దొరకవచ్చు. యాక్సిలరేటరు వదిలి, ఒక్కొక్క గేరు తగ్గించండి. చేతి బ్రేకును ఒక్కసారి గుంజక, కొంచెం కొంచెంగా లాగండి. హారను ఆపకుండా మ్రోగించండి. లోయ వైపు గాక కొండ వైపుకు, ఎత్తు దారి ఉంటే దాని మీదికి తీసుకొనిపోండి. ఇంజిను ఆపివేయకండి.

అంతవరకు రానీయకుండా ఉండేందుకు అర నిమిషం పని చాలును. ఉదయం బండి తీసేటప్పుడు, కదలకముందే పెడల్‌ను ఒకసారి తొక్కి, లోలోపల పది లెక్కపెట్టేవరకు పట్టి ఉంచండి. ఎక్కడ ఆగింది, ఆగినచోటనే నిలిచిందా అని చూడండి. వారానికొకసారి డబ్బాలో ద్రవము, చక్రాల లోపలి ప్రక్కలు చూడండి. రెండేళ్లకొకసారి ద్రవము మార్పించండి. మెకానిక్ దగ్గరకు వెళ్లినప్పుడు "సిలిండర్ మార్చండి" అని చెప్పక, పెడల్ ఎప్పుడు, ఎలా దిగుతున్నదో చెప్పండి. రోగి చెప్పిన మాటే వైద్యునికి సగం దారి చూపుతుంది.

మీ ఇంట్లో బండి తోలేవారు ఇద్దరు ముగ్గురు ఉంటే, వారిలో అందరికంటే తక్కువ అనుభవం ఉన్నవారిని ఒకసారి కూర్చోబెట్టి, ఏమీ చెప్పకుండా పెడల్ తొక్కించి చూడండి. మీ కాలికి అలవాటైపోయి తెలియకుండా పోయిన జబ్బు వారి కాలికి మొదటి తొక్కులోనే తెలుస్తుంది. వారు "ఇదేమిటి, కిందికి పోయింది?" అని అడిగితే "రెండుసార్లు కొట్టు" అని చెప్పకండి. బండిని అక్కడే నిలిపి, మేస్త్రిని పిలవండి.